‘తక్కినవన్నీ’ అన్న మాటకు పూచీ ఎవరిది?

వెబ్ పుటలు నిర్మించే యువమిత్రులలో ఒక సిద్ధాంతం బాగా వేళ్ళూనుకొని ఉన్నది. ఒక వస్తువుకు అయిదు స్థితులుంటే అయిదింటికీ అయిదు శాఖలు రాయనక్కరలేదట. ముఖ్యమైన రెండు మూడు రాసి, చివర ‘డిఫాల్ట్’ అని ఒకటి తగిలిస్తే తక్కినవన్నీ అందులో పడిపోతాయట. పుట కూలిపోదు, పని తెమిలిపోతుంది, ఇంటికి పోవచ్చు. ఈ సిద్ధాంతం తప్పనీ, దీన్ని కంపైలరే అడ్డుకోవాలనీ, అదీ ఒక హెచ్చరికతో సరిపెట్టక పుట తయారు కాకుండా నిలిపివేయాలనీ నా వాదం.

తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని పాఠకులకు అనుమానం రావడం సహజం. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో సంధులూ సమాసాలూ చెప్పి, విరమణ తరువాత వెబ్ పుటలను తెలుగులోకి తెచ్చే పనిలో చేయి పెట్టినవాణ్ణి. ఆ పని చేయాలంటే వాక్యాలను మోసే టెంప్లేట్లు చదవక తప్పదు. కొందరు వీటిని ‘మూసలు’ అంటున్నారు, మంచి మాటే. మూసలో కొంత భాగం మారనిది, కొంత భాగం సందర్భాన్ని బట్టి మారేది. సందర్భాన్ని బట్టి మారే చోట ‘ఇది అయితే ఇలా, అది అయితే అలా’ అని శాఖలుంటాయి. సాధ్యమైన సందర్భాలన్నింటికీ శాఖ ఉన్నదా లేదా అని, పుట జనం ముందుకు రాకముందే, కంపైల్ చేసే వేళలోనే చూసే పరీక్ష ఒకటున్నది. శేషం మిగలకుండా చూస్తుంది కనుక దీన్ని నేను ‘నిశ్శేష పరీక్ష’ అంటాను. ఇంతకంటె మంచి పేరు ఎవరైనా చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

తర్కం చదువుకున్నవారికి లక్షణదోషాలు మూడని తెలుసు. ఆవుకు లక్షణం చెప్పమంటే ‘కపిలవర్ణం కలది’ అన్నాడనుకోండి. తెల్లావూ నల్లావూ బయటే నిలిచిపోయాయి. ఇది అవ్యాప్తి. ‘కొమ్ములు కలది’ అన్నాడనుకోండి. గేదె, మేక కూడా దొడ్లోకి వచ్చేశాయి. ఇది అతివ్యాప్తి. ‘ఒంటి గిట్ట కలది’ అన్నాడనుకోండి; లోకంలో ఒక్క ఆవూ దొరకదు. ఇది అసంభవం. మూసలో ఒక స్థితికి శాఖ లేకపోవడం అవ్యాప్తి. తనకు సంబంధించని స్థితులను కూడా డిఫాల్ట్ మింగేయడం అతివ్యాప్తి. స్థితి పేరులో ఒక అక్షరం తప్పుగా రాసి, ఎన్నటికీ తెరుచుకోని శాఖను పెట్టుకోవడం అసంభవం. డిఫాల్టు వాదులు చేసేదేమిటంటే, అవ్యాప్తిని కనబడకుండా చేయడానికి అతివ్యాప్తిని తెచ్చి పైన కప్పడం. ఒక దోషానికి మరొక దోషం మందు కాదని తర్కసంగ్రహం మొదటి నెలలోనే విద్యార్థికి తెలిసిపోతుంది.

ఇదంతా మాటల పోరాటమే అనుకునేవారి కోసం నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. నాతో పనిచేసి విరమించిన ఒక ఉపాధ్యాయిని ఒక కార్యాలయానికి ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టుకున్నారు. రోజూ పుట తెరిచి చూసేవారు. ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది’ అని మూడు వారాలు అదే వాక్యం. పరిశీలిస్తున్నారు గదా అని ఆవిడ ఊరుకున్నారు. నాలుగో వారం స్వయంగా వెళ్తే, ‘ఒక పత్రం తక్కువైందమ్మా, కావాలని అడిగాం, గడువు దాటిపోయింది, మళ్ళీ పెట్టుకోండి’ అన్నారు. ఎక్కడ అడిగారు? ఇలాంటి పుటలు రాసే ఉద్యోగంలోనే ఉన్న నా పూర్వ శిష్యుడొకడు బ్రౌజరులో డెవలపర్ టూల్స్ తెరిచి చూపించాడు. సర్వరు పంపిన జవాబులో ‘పత్రాలు కావాలి’ అన్న స్థితి స్పష్టంగా ఉన్నది. పుటకు తెలిసిన పేర్లు మాత్రం మూడే: అందింది, ఆమోదం, తిరస్కరణ. తక్కినవన్నీ ‘పరిశీలనలో ఉన్నది’. గడువు దాటిన తరువాత కూడా ఆ పుట అదే పాట పాడుతున్నది.

ఇక్కడ గుమాస్తా అబద్ధమాడలేదు. సర్వరు అబద్ధమాడలేదు. అబద్ధమాడింది డిఫాల్ట్ శాఖ. దాన్ని రాసిన యువకుడు కూడా దురుద్దేశంతో రాయలేదు. అతడు రాసేనాటికి బహుశా నాలుగు స్థితులే ఉండి ఉంటాయి, నాలుగోదానికి ఆ వాక్యం సరిపోయి ఉంటుంది. అయిదో స్థితి తరువాత పుట్టింది. పుట్టిన సంగతి మూసకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత ఎవరిది? మనిషి జ్ఞాపకానిదా? కాదు, కంపైలరుదే.

కంపైలరు అది ఎలా చెబుతుందో కొంచెం వివరిస్తాను. 2016లో వెలువడిన టైప్‌స్క్రిప్ట్ 2.0లో ‘నెవర్’ అన్న రకం ఒకటి వచ్చింది. అందులో ఇమిడే విలువ ఒక్కటీ లేదు, అది శూన్యసమితి. ఒక దరఖాస్తు స్థితి ఈ అయిదింటిలో ఒకటి మాత్రమే అని ముందుగా ప్రకటించామనుకోండి. మొదటి శాఖ దాటగానే కంపైలరు జాబితా నుండి ఒక పేరు కొట్టేస్తుంది. రెండో శాఖ దాటగానే ఇంకొకటి. ఇలా చివరికి వచ్చేసరికి జాబితా ఖాళీ కావాలి. చివరన ‘ఇక్కడికి వచ్చేది నెవర్ మాత్రమే’ అని మనం రాస్తాం. జాబితాలో ఒక్క పేరు మిగిలినా మన మాట తప్పవుతుంది, కంపైలరు ఆ పేరును చూపి పని ఆపేస్తుంది. బడిలో హాజరు పట్టీ చదవడం లాంటిదే ఇది. పేరు పేరునా పిలిచినప్పుడే ఎవరు రాలేదో తెలుస్తుంది. ‘అందరూ వచ్చారా?’ అని అడిగితే ‘వచ్చారండీ’ అనే కేక ఒకటి వెనక బెంచీ నుండి తప్పక వస్తుంది. డిఫాల్ట్ ఆ కేక.

ఇది కొత్త వింతేమీ కాదు. ఎం.ఎల్. కుటుంబానికి చెందిన భాషలలో చాలాకాలంగా ఉన్న ఆచారమే. ఇలాంటి హెచ్చరికలు ఎలా లెక్కగట్టాలో, విడిచిపెట్టిన సందర్భానికి ఉదాహరణను కూడా ఎలా చూపాలో వివరిస్తూ లూక్ మరాంజే 2007లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. 2015లో 1.0 కూర్పుగా వచ్చిన రస్ట్ భాషలో శాఖ విడిచిపెడితే అది హెచ్చరిక కాదు, దోషమే. ప్రోగ్రాము తయారు కాదు. వెబ్ పుటల కోసమే 2012లో ఇవాన్ చాప్లిట్స్కీ మొదలుపెట్టిన ఎల్మ్ భాషలోనూ అంతే. ‘వెబ్‌లో ఇది కుదరదు’ అనేవారికి ఎల్మ్ ఒక్కటి చాలు సమాధానంగా.

అయినా బహుళ ప్రచారంలో ఉన్న మూసలలో పరిస్థితి ఎలా ఉన్నదో చూడండి. వ్యూలోనూ స్వెల్ట్‌లోనూ మూసలో స్విచ్ అన్న నిర్మాణమే లేదు; ‘అయితే, లేకుంటే అయితే, లేకుంటే’ అన్న గొలుసు మాత్రమే. గొలుసు చివర ‘లేకుంటే’ రాయకపోతే ఆ చోటు తెల్లగా మిగిలిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. యాంగ్యులర్‌లో పాత పద్ధతి స్విచ్ శాఖల వల్ల రకం కుంచించుకుపోయేది కాదు, అంటే పేర్లు కొట్టేయడం అన్న పనే జరిగేది కాదు. 2023 నవంబరులో వచ్చిన 17వ కూర్పులో కొత్త స్విచ్ వచ్చి ఆ లోటు తీర్చింది. ఇటీవలి కూర్పులలో ‘డిఫాల్ట్ నెవర్’ అని మూసలోనే ఒక్క పంక్తి రాస్తే నిశ్శేష పరీక్ష జరుగుతుంది. చాలా సంతోషం. కానీ అడిగితేనే జరుగుతుంది. అడగకపోతే సరిపోలని స్థితికి మళ్ళీ తెల్లకాగితమే.

రియాక్ట్ కథ మరొక రకం. అక్కడ మూస అన్నది మామూలు ఫంక్షనే కనుక టైప్‌స్క్రిప్టు పరీక్షలన్నీ వర్తిస్తాయి. పూర్వం ఒక కాంపోనెంటు ఏమీ తిరిగి ఇవ్వకపోతే రియాక్ట్ దోషం చూపి ఆగిపోయేది. 2022లో వచ్చిన 18వ కూర్పు నుండి మౌనంగా ఖాళీ చోటు చూపుతున్నది. మరచిపోయిన చోట్లను పట్టుకునే పని లింటరు చూసుకోవాలని వారి సలహా. పని సరైనవాడికి అప్పగించారనే అనుకుందాం. అప్పగించినవాడు పనిలో ఉన్నాడో లేడో చూడవలసిన భారం మాత్రం ఒక్కొక్క జట్టు మీద పడింది. ఎందరు చూస్తున్నారు?

ఇక ప్రతివాదుల మాటలు ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

‘డిఫాల్ట్ ఉంటే పుట కూలిపోదు గదా’ అన్నది మొదటి వాదం. కూలిపోయిన పుటను చూసి మనిషి ఫోను చేస్తాడు, కార్యాలయానికి వెళ్తాడు, పక్కింటివాణ్ణి అడుగుతాడు. చక్కని అక్షరాలతో తప్పు చెప్పే పుటను చూసి నమ్మి కూర్చుంటాడు. ఆ ఉపాధ్యాయిని విషయంలో జరిగింది ఇదే. రెండింటిలో ఏది ఎక్కువ హాని?

‘మేము పరీక్షలు రాస్తాం, అక్కడ దొరుకుతుంది’ అన్నది రెండోది. పరీక్షలు రాయండి, వద్దనను. కానీ అయిదో స్థితికి శాఖ రాయడం మరచినవాడే అయిదో స్థితికి పరీక్ష రాయడమూ మరచిపోతాడు. ప్రశ్నపత్రంలో లేని ప్రశ్నకు విద్యార్థి తప్పు జవాబు రాశాడా అని దిద్దేవాడికి ఎలా తెలుస్తుంది? కంపైలరు చూసేది మనం గుర్తుపెట్టుకున్న వాటిని కాదు, మనమే ప్రకటించిన జాబితాను.

‘ఒక స్థితి చేరిస్తే నలభై చోట్ల ఎర్రగీతలు వస్తాయి, పని ఆగిపోతుంది’ అన్నది మూడోది. ఆ నలభై చోట్లా నిర్ణయం అవసరమే. మీరు చూడనంత మాత్రాన అవసరం పోలేదు; చూసే భారం మీ నుండి చదివేవారి మీదికి జారింది. పైగా అవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికే శ్రమ లేకుండా యంత్రమే పట్టిక వేసి చేతికిస్తున్నది. దిద్దిన కాపీలో ఎర్రసిరా చూసి ఏడ్చే పిల్లవాడికీ ఈ వాదానికీ తేడా నాకు కనబడదు. ఇంకొక చిత్రం: ప్రతి స్విచ్‌కూ డిఫాల్ట్ ఉండి తీరాలని గద్దించే నియమం ఒకటి ఈఎస్‌లింట్‌లో ఉన్నది. రకాలు లేని రోజులలో దానికి అర్థం ఉండేది. రకాలు వచ్చిన తరువాత కూడా దాన్ని పట్టుకొని, డిఫాల్ట్‌లో ఏదో ఒక వాక్యం రాసి సరిపెట్టేవారు, నోరు తెరవబోయిన కంపైలరు నోరు తామే మూస్తున్నారు.

నాలుగో వాదం గౌరవించదగినది. ‘టైప్‌స్క్రిప్టు రకాలు కంపైల్ కాగానే చెరిగిపోతాయి, నడిచే వేళ సర్వరు ఏ విలువ పంపినా ఆపేవాడు లేడు. నిన్న తెరిచి ఉంచిన పుటలో పాత కోడు ఉంటుంది, ఈరోజు సర్వరులో కొత్త స్థితి పుడుతుంది. అప్పుడు మీ నిశ్శేష పరీక్ష ఏం చేస్తుంది?’ నిజం. ఏమీ చేయదు. కంపైలరు హామీ మన గడప లోపలి వరకే. గడప దాటి వచ్చే ప్రతి విలువనూ అక్కడే నిలిపి, జాబితాలో ఉన్నదా అని చూసి, లేకపోతే ‘గుర్తించని స్థితి’ అన్న పేరుతో లోపలికి పంపాలి. అప్పుడు అది కూడా జాబితాలో ఒక సభ్యుడవుతుంది, దానికీ ఒక శాఖ రాయక తప్పదు. ఆ శాఖలో నిజం రాయండి: ‘ఈ స్థితిని ఈ పుట చదవలేకపోతున్నది. పుటను మళ్ళీ తెరవండి, లేదా కార్యాలయాన్ని అడగండి.’ ఆ ఉపాధ్యాయినికి ఈ రెండు వాక్యాలు చాలేవి. పేరు పెట్టి పిలిచిన తెలియనితనానికీ, తెలిసినట్లు నటించే డిఫాల్టుకూ ఉన్న భేదం ఇదే.

సాహిత్య మిత్రుడొకరు నాతో వాదానికి దిగి, ‘పాణినిలో కూడా శేషం ఉన్నది గదా, చిన్నయసూరికి బహుళం ఉన్నది గదా, మహావైయాకరణులకు లేని తప్పు ఈ కుర్రాళ్ళకెందుకు?’ అన్నారు. మంచి ప్రశ్న. పాణిని షష్ఠీ విభక్తిని శేషార్థంలో విధించిన మాట నిజమే. అయితే కర్త, కర్మ, కరణం మొదలైన కారకాలన్నింటినీ పేరు పేరునా చెప్పిన తరువాత మిగిలిన సంబంధమే ఆ శేషం. దానికి ఆయన పూచీ పడ్డాడు. తరువాత కాత్యాయనుడు వార్తికాలు రాసి సూత్రాలలో ఎక్కడ చాలలేదో, ఎక్కడ మితిమీరిందో పరీక్షించాడు. అంటే నిశ్శేష పరీక్ష అక్కడ తరతరాలుగా జరిగింది. 1858 నాటి బాలవ్యాకరణంలో అత్తుకు సంధి బహుళమన్నప్పుడు కూడా బహుళానికి నాలుగు ఫలాలున్నాయి: కార్యం జరగడం, జరగకపోవడం, వికల్పంగా జరగడం, వేరొక కార్యం జరగడం. చదువుకున్నవాడు ఆ నాలుగింటినీ విడదీసి చెబుతాడు. చదవనివాడు ఏ సంధి అడిగినా ‘బహుళమండీ’ అంటాడు. నేను విమర్శిస్తున్నది సూరిగారి బహుళాన్ని కాదు, ఆ రెండో విద్యార్థి బహుళాన్ని.

ఇప్పుడు నా అసలు పనికి వస్తాను. వాక్యాల అనువాదానికి వాడే ఐసీయూ పద్ధతిలో లింగాన్ని బట్టి, సంఖ్యను బట్టి వాక్యం ఎంచుకునే ఏర్పాటున్నది. అందులో ‘అదర్’ అన్న శాఖ తప్పనిసరి, తక్కినవి ఐచ్ఛికం. ఆంగ్లంలో క్రియ కర్త లింగాన్ని పట్టించుకోదు గనుక ఒక్క అదర్‌తో పని జరిగిపోతుంది. తెలుగులో క్రియ మారుతుంది. మహద్వాచకానికి ‘చేరాడు’, మహతికి ఏకవచనంలో అమహత్తుతో పాటు ‘చేరింది’, బహువచనంలోనూ గౌరవంలోనూ ‘చేరారు’. మూసలో ఒక్క అదర్ మాత్రమే ఉండి, అనువాదకుడు అందులో ‘చేరాడు’ అని రాస్తే, తన పేరు పక్కన ఆ మాట చూసుకున్న ఆడపిల్లకు ఆ పుట తన కోసం రాసినది కాదని తెలిసిపోతుంది. సంఖ్య విషయమూ అంతే. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ లెక్క ప్రకారం తెలుగుకు సంఖ్యా భేదాలు రెండు, అరబ్బీకి ఆరు. రెండింటికే శాఖలు రాసిన మూసను అరబ్బీకి ఇస్తే నాలుగు భేదాలు అదర్‌లో మునిగిపోతాయి. ఏ భాషకు ఎన్ని భేదాలో ఆ పట్టికలో ఉన్నప్పుడు, అవన్నీ అనువాదంలో ఉన్నాయా అని కంపైల్ వేళ సరిచూడడం యంత్రానికి ఎంత పని?

దీనికి పెద్ద యంత్రాంగం కూడా అక్కరలేదు. టైప్‌స్క్రిప్టులో ‘రికార్డ్’ అన్న రకంతో ఒక పట్టిక ప్రకటించి, ప్రతి స్థితికీ ఒక వాక్యం ఉండాలని చెబితే, ఒక్క గడి ఖాళీగా ఉన్నా కంపైలరు ఒప్పుకోదు. మూసలో శాఖలకు బదులు ఆ పట్టికను చూసుకుంటే చాలు. ఒకటే షరతు: స్థితిని ‘ఏదో ఒక స్ట్రింగ్’ అని ప్రకటించకూడదు. ఏదో ఒక స్ట్రింగ్ అంటే అనంతం. అనంతానికి హాజరు తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

కనుక పరికరాలు తయారుచేసే పెద్దలకు నా మనవి ఒకటే. మూసలో స్విచ్ ఉన్న ప్రతి చోటా నిశ్శేష పరీక్ష అడగకుండానే జరగాలి. వద్దనుకున్నవాడు ‘నాకు వద్దు’ అని ఆ చోటనే రాతపూర్వకంగా చెప్పాలి, పక్కన కారణం రాయాలి. ఇప్పుడున్నది దీనికి తలకిందులు: జాగ్రత్తపరుడు ఒక పంక్తి అదనంగా రాయాలి, అజాగ్రత్తపరుడు ఏమీ రాయనక్కరలేదు. పుటలు రాసే యువమిత్రులకు కూడా ఒక మాట. మీ మూసలలో డిఫాల్ట్ ఉన్న చోట్లన్నీ ఒకసారి తెరిచి చూడండి. ఒక్కొక్క చోటా ‘ఈ వాక్యం ఎవరెవరికి కనబడుతుంది, వారందరి విషయంలో ఇది నిజమేనా?’ అని అడగండి. ‘అవును’ అని పేర్లు చెప్పి అనగలిగితే ఉంచండి. పేర్లు చెప్పలేకపోతే ఆ శాఖ తీసేసి, కంపైలరు ఏ పేర్లు చూపుతుందో చదవండి. ఆ పేర్లలో ప్రతి ఒక్కదాని వెనకా పుట ముందు కూర్చొని జవాబు కోసం చూస్తున్న మనిషి ఒకరుంటారు.